తాళానికి బొట్టు

"నువ్వు ముట్టిన తాళం ఎవలిదో ఎరుకేనా అమ్మా నీకు?"

శ్రీహరి పొద్దున్నుంచి ఇదే మాట తిప్పి తిప్పి అడుగుతున్నాడు. జవాబు కోసం కాదు. అడక్కుండా ఉండలేక అడుగుతున్నాడు.

ఐలమ్మ వంటింటి గడప మీద కూర్చుని కొంగుతో వేళ్ళు తుడుచుకుంటోంది. నిన్నటి దసరా పసుపు ఇంకా గోళ్ళ సందుల్లో ఉంది. ఎంత తుడిచినా పోవడం లేదు.

"మన గోదాముకున్న తాళం మనది గాక ఎవలిది?"

"బ్యాంకుది! తాళం బ్యాంకుది. దాని మీద సుట్టిన గుడ్డ బ్యాంకుది. గుడ్డ మీద లక్క ముద్ర బ్యాంకుది. లోపలున్న వడ్లు గూడ బాకీ తీరేదాక బ్యాంకువే."

"మరి అంత లక్ష్మి లోపలుంటే, తాళానికి మురికి గుడ్డ సుట్టి పెడ్తరా ఎవలన్న? కాంటాకు బొట్టు వెడ్తిమి, మోటారుకు పెడ్తిమి, హమాలోళ్ళ కొంకులకు పెడ్తిమి. పెద్ద తలుపునొక్కదాన్ని ఉత్తగ ఇడిసిపెడ్తమా?"

పొయ్యి దగ్గరున్న త్రివేణికి నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని పెదవి కొరుక్కుంది. తన అత్త చేసిన పని తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు. నిన్న మిల్లంతా ఆయుధపూజలో ఉండగా, ఈ మహాతల్లి ఒక్కతే గోదాము దగ్గరికి వెళ్ళింది. కుంటి గొర్రె కాలికి కట్టిన గుడ్డలా ఉన్న ఆ కట్టును విప్పి పారేసింది. లక్క పెళ్ళలను రాయితో కొట్టి రాల్చింది. చింతపండు పెట్టి తాళాన్ని తళతళలాడేట్టు తోమింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపువ్వు చెక్కి, దండం పెట్టుకుని మరీ వచ్చింది.

తాళం మాత్రం ఊడలేదు. ఊడింది ముద్ర. గొడవంతా దాని గురించే!

మిర్యాలగూడలో మిల్లు పెట్టినవాడికి ఈ లక్క ముద్ర సంగతి చెప్పనక్కర్లేదు. ఎండాకాలం చేతికొచ్చే యాసంగి వడ్లు గోదాములో నింపి బ్యాంకుకు తాకట్టు పెడతారు. బ్యాంకు తన తాళం వేసి, గుడ్డ చుట్టి, దాని మీద లక్క కరిగించి ముద్ర గుద్దుతుంది. తాళంచెవి బ్యాంకులో ఉంటుంది. ముద్ర గుద్దే ఇత్తడి బిళ్ళ బ్యాంకు పెట్టిన కాపలా మనిషి మత్తయ్య దగ్గర ఉంటుంది. రెండూ ఒక్కచోట ఉండకూడదని కట్టడి. ముద్ర చెదరకపోతే లోపలి సరుకు చెదరనట్టు. ముద్ర తెగిందా, లోపల గింజ కదలకపోయినా మిల్లువాడు దొంగ కింద లెక్క.

ఎల్లుండి బ్యాంకు మేనేజరు సావిత్రి తనిఖీకి వస్తోంది. ఆమె ముద్ర చూసి సరే అంటేనే వానకాలం వడ్లు కొనడానికి కొత్త అప్పు. ఆ అప్పు రాకపోతే ఈ ఏడు మిల్లు తిరగదు. పోయిన ఏడు ఇట్లాగే ముద్ర తెగిన ఒక మిల్లుకు పైవాళ్ళు అప్పు ఆపేస్తే, ఆ గేటు ఇంతవరకు తెరుచుకోలేదు. శ్రీహరి అరుపుల వెనక ఉన్నది ఆ గేటే అని త్రివేణికి తెలుసు.

"అరిస్తే ముద్ర అతుక్కుంటదా?" అంది త్రివేణి, గిన్నె దింపుతూ. "పోయి మేడంకు ఉన్నదున్నట్టు చెప్పు. తెగింది గుడ్డ. వడ్లు గాదు గదా. తలుపు తీసి బస్తాలు లెక్కవెట్టుకోమను."

"బ్యాంకుల గట్ల నడువది త్రివేణీ. మా అమ్మ తాళానికి బొట్టు వెట్టింది మేడం అంటే నవ్వుతరు. నవ్వి, పైకి రాస్తరు."

"అబద్ధమాడి దొరికితే? అప్పుడు రాయరా?"

"నేను అబద్ధమాడ్త అన్ననా?"

"అనలే. నీ మొకంల కనవడ్తుంది."

శ్రీహరికి ఆ మాట గుచ్చుకుంది. భార్య మీద చూపలేని కోపం తల్లి మీదికి మళ్ళింది.

"అసలు నిన్ను ఈడికి తీస్కొచ్చుడే నా తప్పు. మన ఊరు చివ్వెంలలనే ఇడిసిపెడ్తే గీ పరేషాన్ ఉండకపోవు."

 వాకిట్లో మంచం మీద చాయ తాగుతున్న శ్రీహరి తండ్రి రామలింగయ్య గ్లాసు కింద పెట్టాడు. కొడుకు వైపు చూడలేదు. పెళ్ళాం వైపూ చూడలేదు. ఈ మిల్లు లీజుకు తీసుకున్నప్పుడు బ్యాంకు "మీ వాటా ఎంత" అని అడిగితే, తన గొర్రెల మందను మొత్తం సూర్యాపేట అంగడికి తోలి అమ్మిన మనిషి ఆయన. 

ఐలమ్మ కొంగు వదిలేసింది. లేచి లోపలికి పోయింది. అంతే.

శ్రీహరికి తన మాట తనకే చేదయింది. తర్వాత బండి తీసి, గేటు తీసినవాడు మళ్ళీ వేయకుండానే వెళ్ళిపోయాడు.

త్రివేణి గేటు వేయడానికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పండగ మర్నాడు కాబట్టి రోడ్డు పలచగా ఉంది. ఇంకో పది రోజులు పోతే ఈ రోడ్డు దాటడం కూడా కష్టమే. కాలవ కింది వడ్లన్నీ ట్రాక్టర్లెక్కి ఇక్కడికే వస్తాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు త్రివేణి ఈ మిల్లుల వరస చూసి, ఇన్ని వడ్లు కొనడానికి ఇంత డబ్బు ఎవరి దగ్గర ఉంటుందని ఆశ్చర్యపోయింది. ఎవరి దగ్గరా లేదని తర్వాత తెలిసింది. ఉన్నదంతా బ్యాంకుది. బ్యాంకు మిల్లుకిస్తే, మిల్లు రైతుకిస్తుంది. రైతు సూర్యాపేటలో బట్టలు కొంటాడు, కోదాడలో ట్రాక్టరుకు బయానా ఇస్తాడు, పిల్ల ఫీజు కడతాడు. దుకాణందారు గల్లా పెట్టెలో పడ్డది తీసుకుపోయి మళ్ళీ అదే బ్యాంకులో కడతాడు. ఈ తిరుగుడులోనే లారీలు నిండుతున్నాయి, సంచుల కొట్లు నడుస్తున్నాయి, గల్లీకో రెండంతస్తుల ఇల్లు లేస్తోంది. బ్యాంకు ఒక్క నెల చెయ్యి వెనక్కి తీసుకుంటే ఈ ఊళ్ళో చాయ బండి వాడు కూడా దిగులుగా కూర్చుంటాడు. త్రివేణికి ఈ ఊరంటే అందుకే ఇష్టం. వచ్చినవాడి కులం, ఊరు అడక్కుండా, కష్టం చూసి చోటిచ్చిన ఊరు. గొర్లకాపరి కొడుకును సేటూ అని పిలిచిన ఊరు.

చేతిలో ఫోను మోగింది. మునగాల నుంచి లింగ్యా. మూడేళ్ళుగా వీళ్ళ మిల్లుకే వడ్లు తోలే రైతు.

"అక్కా, కోత మిషన్ దిగింది. ఈసారి గూడ మీకే తెస్త. పైసలు ఎంబడే అయితయి గదా? పెద్దపిల్ల కాలేజిల కట్టాలె."

త్రివేణి గోదాము వైపు చూసింది. "తే అన్నా," అంది. "అయితయి."

ఫోను పెట్టేశాక, ఏ ధైర్యంతో ఆ మాట అన్నానని తనను తనే తిట్టుకుంది.

వెనక దొడ్లో అంట్లన్నీ తోమి త్రివేణి వాకిట్లోకి వచ్చేసరికి శ్రీహరి తిరిగొచ్చాడు, బండి వెనక మత్తయ్య ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో లక్క పుల్లలు. మత్తయ్య ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయే మనిషి. మిగతా రోజుల్లో మిల్లు మిల్లుకూ తిరిగి, సరుకు బయటికి పోయినప్పుడల్లా మళ్ళీ ముద్ర వేస్తుంటాడు. ఇద్దరూ నేరుగా గోదాము దగ్గరికి నడిచారు.

త్రివేణి పరుగులాంటి నడకతో వెళ్ళింది. అప్పటికే మత్తయ్య బంతిపువ్వు తీసి, పసుపు తుడిచి, కొత్త గుడ్డ చుడుతున్నాడు.

"మేడంకు చెప్పినవా?" అని భర్తను అడిగింది మెల్లగా.

"సప్పుడు జెయ్యకు."

మత్తయ్య అగ్గిపుల్ల గీసి లక్క కరిగిస్తూ నవ్వాడు. "మేడమే ఫోన్ల చెప్పిండ్రంట గదక్కా, ముద్ర మళ్ళ వెయ్యమని. లేకుంటే నేను ముట్టుదునా? నా నౌకరి పోదూ?"

త్రివేణి శ్రీహరి కళ్ళల్లోకి చూసింది. శ్రీహరి గోడ వైపు చూశాడు.

అప్పుడే చెప్పాల్సింది. 'ఆపు మత్తయ్యా, మేడం ఏమీ చెప్పలేదు' అంటే సరిపోయేది. ఎర్రటి లక్క బొట్టు బొట్టుగా గుడ్డ మీద పడుతోంది. త్రివేణి నోరు తెరిచింది. లింగ్యా గొంతు చెవిలో వినబడింది. నోరు మూసుకుంది. మత్తయ్య ఇత్తడి బిళ్ళను అదిమి పట్టి, లేపి, తన పని తనే మెచ్చుకున్నట్టు తల ఊపాడు.

"అయిపోయింది సేటూ. ఇగ రంది లేదు."

తన మీద తనకే అసహ్యం వేసి త్రివేణి ఇంట్లోకి వచ్చింది. అత్తతో రెండు మంచి మాటలు మాట్లాడితే మనసు కుదుట పడుతుందనుకుంది. వంటింట్లో అత్త లేదు. వెనక దొడ్లో లేదు. గడప పక్కన చెప్పులూ లేవు.

"మామా, అత్తమ్మ ఏది?"

రామలింగయ్య మంచం మీదే ఉన్నాడు. "పోయింది."

"యాడికి? చివ్వెంలకా?"

"బ్యాంకు యాడున్నదని అడిగింది. ఆటో ఎక్కిచ్చిన."

"బ్యాంకుకా!" అంది త్రివేణి. "ఒక్క మాట మాకు చెప్పకపోతివి మామా?"

"మీరేమన్న చెప్పి చేస్తుండ్రా?" అన్నాడు రామలింగయ్య. ఆయన చూపు గోదాము వైపు ఉంది. కరిగిన లక్క వాసన వాకిలి దాకా వస్తోంది.

త్రివేణి బయటికి ఉరికింది. శ్రీహరిని పిలుద్దామని నోరు తెరిచేలోపే గేటు ముందు బ్యాంకు జీపు ఆగింది. ముందు సీట్లోంచి సావిత్రి మేడం దిగింది. వెనకనుంచి, డ్రైవరు చెయ్యి పట్టుకుని, పెళ్ళికి పోయొచ్చినంత నిబ్బరంగా ఐలమ్మ దిగింది.

సావిత్రిది కోదాడ. మాట మెత్తన, చూపు మాత్రం కాదు. "భయపడకండి త్రివేణి గారూ," అంది. "మీ అత్తగారు వరస మొత్తం దాటుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. కొంగులోంచి కొబ్బరి ముక్కలు తీసి మా స్టాఫందరికీ ప్రసాదం పంచారు. ఆ తర్వాత చెప్పారు, ముద్ర తెంపింది తనేనని. పండగైపోయిన మర్నాడే ఇంత నిజం వింటాననుకోలేదు."

"నా కొడుకుకు ఏం తెల్వదని చెప్పిన బిడ్డా," అంది ఐలమ్మ కోడలితో. ఆమె ముఖం తేటగా ఉంది. "ఈ మేడం మంచిది. ఎల్లుండి దాక ఎందుకు, ఇప్పుడే సూస్త అన్నది. తాళంచెవి గూడ తెచ్చింది."

 అందరూ గోదాము వైపు నడుస్తుంటే త్రివేణి వెనకబడింది. రామలింగయ్య కర్ర పట్టుకుని వాళ్ళ వెనకే వచ్చాడు.

తలుపు దగ్గర శ్రీహరి, మత్తయ్య ఉన్నారు. సావిత్రిని చూసి మత్తయ్య చేతులు జోడించి నమస్కారం చేశాడు. శ్రీహరికి చేతులు లేవలేదు.

సావిత్రి తాళం ముందు ఆగింది. కొత్త తెల్లగుడ్డ. దాని మీద ఎర్రగా, గుండ్రంగా, అక్షరం చెదరని ముద్ర. ఆమె వేలితో తాకింది.

"పెద్దమ్మా," అంది వెనక్కి తిరక్కుండా. "ముద్ర బాగానే ఉందే!"

ఐలమ్మ దగ్గరికొచ్చింది. వంగి చూసింది. తను తోమిన తాళం కనబడలేదు, పెట్టిన బొట్టు కనబడలేదు. మత్తయ్య చేతిలో మిగిలిన లక్క పుల్లను చూసింది. కొడుకు ముఖం చూసింది.

ఆమెకు అర్థమైంది. అర్థమైన క్షణం త్రివేణికి స్పష్టంగా కనబడింది, ఎందుకంటే ఆ తేట ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఈ ముద్ర మీద నాకున్న నమ్మకం ఎంతో తెలుసా పెద్దమ్మా?" అంది సావిత్రి. "లోపలేముందో హైదరాబాదులో ఎవరూ చూడరు. ఈ గోదామే కాదు, ఈ రోడ్డు మీద ఏ గోదామూ చూడరు. నేను ముద్ర ఉందని రాస్తాను, వాళ్ళు అప్పు మీద సంతకం పెడతారు. ఊరంతా దాని మీదే నడుస్తోంది. కాబట్టి ఇంకొకసారి అడుగుతున్నాను. మీరు నిన్న దీన్ని తెంపారా?"

ఐలమ్మ కొడుకు మీద నుంచి చూపు తిప్పుకుంది. 

"నాకే యాదికి లేదు బిడ్డా," అంది. "ముసలిదాన్ని. మతి తప్పుతున్నది ఈ నడుమ. ఏ తాళానికి పెట్టిన్నో బొట్టు... ఇంట్ల బట్టల సందుగ తాళానికి పెట్టిన్నేమో. ఏదో అనుకొని నీ దగ్గరికొచ్చిన. నన్ను తప్పు వట్టుకోకు."

రామలింగయ్య కర్ర నేలకు గట్టిగా తగిలింది.

 పొద్దున నిజం చెప్పమని మొగుణ్ణి దబాయించింది త్రివేణే. అయినా ఇప్పుడు మనసు లోపల్లోపల వేడుకుంటోంది: నమ్ము మేడం, అత్తమ్మ మాట నమ్ము, సరే అనుకుని వెళ్ళిపో. తన మనసు ఇంత త్వరగా మాట మారుస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"సరే," అంది సావిత్రి నెమ్మదిగా. "వయసు మీద పడితే అట్లాగే ఉంటుంది." గొంతులో నమ్మిందో లేదో తెలియడం లేదు. మత్తయ్య వైపు తిరిగింది. "మత్తయ్యా, నువ్వు చెప్పు. ఈ ముద్ర ఎప్పుడు వేశావు?"

మత్తయ్య అయోమయంగా సేటు వైపు చూశాడు. "అదేంది మేడం, మీరే గదా..."

"ఆగు మత్తయ్యా," అన్నాడు శ్రీహరి.

గొంతు బొంగురుగా వచ్చింది. తల్లి వైపే చూస్తున్నాడు. ఐలమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది, ఎవరికీ కనబడకుండా ఊపుతున్నాననుకుంటోంది.

"మా అమ్మకు మతి మంచిగనే ఉంది మేడం. నాకే తప్పింది. నిన్న ఆమె తెంపింది నిజం. ఇయ్యాల నేను మళ్ళ ముద్ర ఏపిచ్చింది నిజం. మీరు ఫోన్ జేసి చెప్పిండ్రని మత్తయ్యతోని అబద్ధమాడిన. ఆయన తప్పు రవ్వంత లేదు. ఆయన నౌకరి జోలికి పోకుండ్రి."

మత్తయ్య చేతిలోని లక్క పుల్ల జారి కింద పడింది. "సేటూ!" అన్నాడు. 

"నేను గూడ చూసిన మేడం," అంది త్రివేణి. మాట బయటికొచ్చాక గానీ తన గొంతే అని తెలియలేదు. "చూసి ఊకున్న."

 రోడ్డు మీద ఖాళీ లారీ ఒకటి గలగలమంటూ పోయింది.

"గుడ్డ తెగిందని చెప్పి ఉంటే అది పొరపాటు," అంది సావిత్రి. "దొంగముద్ర పొరపాటు కాదు శ్రీహరి గారూ. నేను రాయకుండా ఉండలేను. పైవాళ్ళు అప్పు ఇవ్వనంటే నేను ఆపలేను కూడా."

"రాయండి మేడం."

"రాసే ముందు లోపల చూడాలి. బస్తాలు తక్కువైతే ఈ మిల్లు సంగతి ఇవాళతో ఖతం. సరిపోతే, సరిపోయాయని కూడా నేనే రాస్తాను. అబద్ధమాడినవాడు, తనను అడక్కముందే తనే నిజం చెప్పాడని కూడా రాస్తాను. దానికి విలువ ఇస్తారో లేదో నాకు తెలియదు. తలుపు తీయించడానికి భయమేమన్నా ఉందా?"

"దానికి లేదు మేడం," అన్నాడు శ్రీహరి. అంత సేపట్లో మొదటిసారి తల ఎత్తాడు.

సావిత్రి సంచిలోంచి తాళంచెవి తీసింది. శ్రీహరి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటి, ఐలమ్మ అరచేతిలో పెట్టింది.

"మీరు తీయండి పెద్దమ్మా. ఈ ఇంట్లో పొద్దున్నుంచి నిజం చెప్పడానికి నా దాకా వచ్చింది మీరొక్కరే."

ఐలమ్మ తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుంది. ముద్ర వైపు కదల్లేదు. కొడుకు మొహం వైపు చూస్తూ నిలబడింది. చివ్వెంలలో ఉంచితే బాగుండేదన్న కొడుకు.

"తియ్యే అమ్మా," అన్నాడు శ్రీహరి. "నీ చేతులతోనే తియ్యి."